కోతకు ముందరి ఏడాది

చెట్టును కుండీలోనే చిన్నగా ఉంచి పెద్ద చెట్టు రూపానికి మలిచే బోన్సాయ్ పెంపకం నేర్పే చిన్న వీడియోలు ఈ మధ్య అందరి ఫోన్లలోనూ తిరుగుతున్నాయి. వాటిలో చాలా భాగం ఒకే తీరుగా ఉంటాయి. ఇంట్లో ఏపుగా పెరిగిన ఫైకస్ చెట్టును, అంటే రావి, మర్రి వర్గానికి చెందిన చెట్టును, ఒకరు రంపంతో మోకాలి ఎత్తుకు కోసేస్తారు, మరుక్షణం తెర మీద ఆ మోడు నిండా పచ్చని చిగుళ్లు కనిపిస్తాయి. రాజమహేంద్రవరంలో మా పై అంతస్తులో ఉండే దంపతులు అలాంటి వీడియో ఒకటి చూసి, హాల్లో ఒక మూలన ఏళ్ల తరబడి పెరిగి పైకప్పును తాకిన తమ బెంజమినా రకం ఫైకస్‌ను ధనుర్మాసంలో కోశారు. శివరాత్రి నాటికి ఆ మోడు ఎండిపోయింది. ఆవిడ నన్ను పిలిచి చూపించి, "మాస్టారూ, ఇంకాస్త పైకి కోసుంటే బతికేదంటారా?" అని అడిగారు.

గోటితో బెరడును మూడు చోట్ల గీకి చూశాను. పైన గోధుమ రంగు, నడుమ గోధుమ రంగు, మట్టికి ఆనుకున్న చోట కూడా అదే రంగు. బతికున్న ఫైకస్ బెరడు గీకితే లోపల పచ్చగా ఉంటుంది, పాలు చుక్కగా ఉబికి వస్తాయి. కుండీని పక్కకు వాల్చి వేరు ముద్దను బయటకు తీసినప్పుడు అసలు సంగతి తెలిసింది. వేళ్లు నల్లబడి ఉన్నాయి, ఒక వేరును రెండు వేళ్ల మధ్య పట్టుకుని లాగితే పై తొక్క జారి ఊడిపోయి లోపలి నార మాత్రం చేతికి మిగిలింది. మట్టి మురుగు వాసన వేస్తోంది. కోసిన రోజు నుంచీ, దానికి బలం రావాలని, పూటకో చెంబు నీళ్లు పోస్తూ వచ్చామని వారు చెప్పారు.

ఆవిడ అడిగిన ప్రశ్న అందరూ అడిగేదే. ఎక్కడ కోయాలి, ఎంత ఎత్తున కోయాలి, ఏటవాలుగా కోయాలా, సమంగా కోయాలా అన్న వాటి చుట్టూనే మన ఆలోచన తిరుగుతుంది. ఫైకస్‌ను బోన్సాయ్‌గా మలచాలంటే గట్టి కోత తప్పదనే నేనూ నమ్ముతాను. పైపైన కొసలు గిల్లుతూ పోతే అది ఎన్నేళ్లయినా సన్నని కాండం మీద గొడుగులా ఆకులు పెట్టుకున్న ఇంటి మొక్కగానే ఉంటుంది. అయితే చెట్టు బతకడం, చావడం కోసిన రోజున తేలే విషయం కాదు. దానికి ముందు ఏడాది పొడవునా ఆ చెట్టు ఏ వెలుతురులో ఉంది, ఏ మట్టిలో ఉంది, ఎన్ని ఆకులు వేసింది అన్న దాని మీద అది ఆధారపడి ఉంటుంది. ఆ ఏడాది ఏ వీడియోలోనూ కనిపించదు కనుకే మన గోదావరి డెల్టాలో, ఫైకస్‌కు ఇంతకన్నా అనువైన చోటు ఉండదనిపించే ఈ నేలలో, ఇన్ని చెట్లు కుండీల్లో చచ్చిపోతున్నాయని నా అభిప్రాయం.

లాకుల గోడల మీది రావి

కోత వల్ల ఫైకస్ చావదు అనడానికి సాక్ష్యం కోసం మనం ఎక్కువ దూరం వెళ్లనక్కరలేదు. ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయిన తరువాత డెల్టా అంతటా కాలువలు, వాటి మీద నీటిని ఆపి వదిలే తలుపులుండే లాకులు విస్తరించాయి. ఆ పాత లాకుల గోడల్లో, వంతెనల సందుల్లో రావి, మర్రి, జువ్వి మొక్కలు లేని చోటు అరుదు. పక్షులు పళ్లు తిని వేసిన రెట్టల్లోంచి మొలిచినవే అన్నీ. గోడ పగులుతుందని, వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు పనివాళ్లు వాటిని కత్తితో మొదలంటా నరుకుతారు. కాలువకు మళ్లీ నీళ్లు వదిలి తొలకరి చినుకులు పడేసరికి అవి మళ్లీ చిగురిస్తాయి.

అలాంటి రావి ఒకదాన్ని నేను ఒక లాకు గోడ మీద చాలా కాలంగా గమనిస్తున్నాను. ఎత్తు మోకాలి దాకా కూడా లేదు, కాండం మాత్రం నా మణికట్టు కంటే లావు. నరికిన ప్రతిచోటా బెరడు చుట్టూ నుంచి ఉబ్బి గాయాన్ని కప్పుతూ వచ్చింది; ఒక గాయం పూర్తిగా మూసుకుపోయి బుడిపెగా మారింది, పక్కదానిలో ఇంకా నడుమ బూడిద రంగు చెక్క కనిపిస్తోంది. వేళ్లు ఇటుకల వరసలను పట్టుకుని కిందికి దిగాయి, ఒక వేరు సున్నం రాలిన సందులో చొచ్చుకుపోయి దాని ఆకారానికి తగ్గట్టు బల్లపరుపుగా మారింది. బోన్సాయ్ పెంచేవారు ఏళ్ల తరబడి శ్రమించి సాధించాలనుకునే లక్షణాలు, కిందికి వచ్చే కొద్దీ లావెక్కే కాండం, మొదట్లో నలుదిక్కులా పరుచుకున్న వేళ్లు, చిన్న ఆకులు, అన్నీ దానిలో ఉన్నాయి. దాన్ని చంపాలనుకున్న చేతులే దానికి ఆ రూపం ఇచ్చాయి.

చెట్టు గాయం మనిషి గాయంలా మానదు. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో 1977లో ప్రతిపాదించిన సిద్ధాంతం చెప్పేది ఇదే. చెట్టు దెబ్బతిన్న కణజాలాన్ని బాగుచేసుకోదు, దాని చుట్టూ అడ్డుగోడలు కట్టి, కుళ్లు లోపలికి పాకకుండా వేరుచేసి, పైన కొత్త చెక్కను వేసుకుంటుంది. ఆ గోడ కట్టడానికీ, కొత్త చెక్క వేయడానికీ శక్తి కావాలి. లాకు గోడ మీది రావికి ఆ శక్తి ఎక్కడిదంటే, పగలంతా పడే ఎండలోనూ, గోడ లోపల ఎవరూ తాకని వేళ్లలోనూ ఉంది. మా పై అంతస్తు వారి బెంజమినాకు ఈ రెండూ లేవు.

ఇక్కడ నాకు ఎదురుగా ఒక వాదన ఉంది, అది తేలిగ్గా తీసివేయదగినది కాదు. రావితో బెంజమినాను పోల్చడం సరికాదని నర్సరీలకు పేరుపడ్డ కడియపులంకలో చాలా కాలంగా మొక్కలు పెంచుతున్న ఒక పెద్దాయన నాతో అన్నారు. "రావి మొండిదండీ. మర్రీ అంతే. ఈ బెంజమినా ఉంది చూశారూ, ఆకు లేకుండా కొమ్మను మోడు చేస్తే ఆ కొమ్మ వదిలేసుకుంటాదండి. ఆయ్, నేను చూశాను కదా." ఆయన మాట నిజం. ఫైకస్‌లోనే మరో రకమైన మైక్రోకార్పా అయితే ఆకు ఒక్కటీ లేని ముదురు కాండం మీద కూడా చిగుళ్లు పుట్టిస్తుంది. బెంజమినా అలా కాదు; ఆకులన్నీ తీసేసిన కొమ్మ తరచు వెనక్కి ఎండుతూ పోతుంది, కాండం కూడా కొన్నిసార్లు కోసిన చోటు నుంచి కింది కణుపు దాకానో, ఇంకా కిందికో ఎండిపోతుంది. మన ఇళ్లలో హాలు మూలన ఉండేవి ఎక్కువగా బెంజమినాలే. కనుక గట్టి కోత వాటికి తగదని తేల్చేయడం సులభం. ఆ పెద్దాయన మాటను నేను కాదనను. దాని నుంచి మాత్రం నేను వేరే నిర్ణయానికి వచ్చాను. బెంజమినాకు కూడా గట్టి కోత పనికివస్తుంది, కాకపోతే కోతకు ముందే కింది భాగంలో ఆకులు పుట్టించుకోవాలి.

ఆ ఏడాదిలో చేయవలసినది

ఇంటి లోపల మూలన ఉన్న ఫైకస్ చావకుండా ఉండగలదు కానీ కూడబెట్టుకోలేదు. చెట్టు తన ఆకుల్లో తయారుచేసుకున్న చక్కెరలో వాడుకోగా మిగిలినదాన్ని పిండిపదార్థంగా మార్చి కాండంలో, వేళ్లలో దాచుకుంటుంది. తల కోసేసిన తరువాత కొత్త ఆకు విచ్చుకుని తన తిండి తాను సంపాదించుకునే దాకా చెట్టు ఆ నిల్వ మీదే బతకాలి. గాదె నిండుగా ఉన్న ఇంటికి ఒక పంట పోయినా గడుస్తుంది, అడుగు కనిపిస్తున్న ఇంటికి గడవదు. ట్యూబులైటు వెలుగులోనూ, కర్టెన్ల వెనకా ఏళ్లు గడిపిన చెట్టుకు ఏ నిల్వా ఉండదు, పైన కనిపించే పచ్చదనం చూసి మనం మోసపోతాం.

అందుకని నేను చెప్పేది ఏమిటంటే, కోయాలనుకున్న ఏడాదికి ముందు ఏడాదే ఆ చెట్టును బయటకు తేవాలి. ఒక్కసారిగా ఎండలో పెట్టకూడదు. నీడకు అలవాటుపడిన ఆకులు మాడిపోతాయి, బెంజమినా అయితే చోటు మార్చినందుకే ఆకులు రాల్చి కూర్చుంటుంది. రాలినందుకు బెంగపడనక్కరలేదు, కొత్త వెలుతురులో వచ్చే ఆకులు ఆ వెలుతురుకు తగినట్టు దళసరిగా వస్తాయి. తూర్పు వైపు వరండాలో పొద్దుటి ఎండ తగిలే చోట కొన్ని వారాలు, ఆ తరువాత డాబా మీద గ్రీన్ నెట్ కింద, వానలు పడ్డాక పూర్తి ఎండలో ఉంచితే చెట్టు తట్టుకుంటుంది.

మట్టి సంగతి కూడా ఆ ఏడాదే చూసుకోవాలి. మన వైపు నర్సరీల నుంచి వచ్చే మొక్కల వేళ్ల చుట్టూ సాధారణంగా బంకమట్టి ముద్ద ఉంటుంది. లారీల మీద దూర ప్రాంతాలకు పంపేటప్పుడు వేరు కదలకుండా, తడి ఆరకుండా ఉండడానికి అది అవసరమే. కుండీలో మాత్రం అదే మట్టి నీటిని బిగబట్టి వేరుకు గాలి అందకుండా చేస్తుంది. తొలకరిలో ఆ ముద్దను మెల్లగా విప్పి, ముతక ఇసుక, జల్లించిన ఇటుక ముక్కలు, కొద్దిగా కొబ్బరి పొట్టు, మాగిన పశువుల ఎరువు కలిపిన మిశ్రమంలోకి మార్చాలి. ఇవన్నీ మనకు అడుగు దూరంలో దొరికేవే. ఇసుకలోని సన్నని ఒండ్రును కడిగేయడం మాత్రం మరువకూడదు, లేకపోతే మళ్లీ బంకమట్టే తయారవుతుంది.

ఆ తరువాత ఏడాది పొడవునా చెట్టును కత్తెర ముట్టకుండా వదిలేయాలి. చాలామందికి ఇదే కష్టమైన పని. ఆకారం చెడుతోందని, కొమ్మలు అడ్డదిడ్డంగా పోతున్నాయని చేతులు ఊరుకోవు. ఆకు ఎంత ఉంటే నిల్వ అంత, కాండం లావు అంత. కోసేయబోయే పై భాగమే ఆ ఏడాది చెట్టుకు సంపాదించి పెట్టేది.

గాలి అంటు

బెంజమినా విషయంలో నాకు సమాధానం దొరికింది మన నర్సరీలవారు రోజూ చేసే పనిలోనే. కోయాలనుకున్న ఎత్తుకు కాస్త పైన, మృగశిర కార్తెలో గాలి అంటు కట్టాలి. కాండం చుట్టూ అంగుళం, అంగుళంన్నర వెడల్పున బెరడును ఉంగరంలా తీసేసి, లోపలి జిగురు పొరను కూడా కత్తి అంచుతో శుభ్రంగా గీకి, తడిపి పిండిన నాచుతో చుట్టి, పైన ప్లాస్టిక్ కాగితం బిగించి కట్టాలి. ఆ జిగురు పొరను కొంచెం వదిలినా పై బెరడూ కింది బెరడూ మళ్లీ కలిసిపోతాయి.

దీనివల్ల రెండు ప్రయోజనాలున్నాయి. మొదటిది అందరికీ తెలిసిందే, ఆకుల నుంచి దిగే చక్కెర ఆ ఉంగరం దగ్గర ఆగిపోయి అక్కడ వేళ్లు పుడతాయి, పై భాగం వేరే చెట్టవుతుంది. రెండోదాన్ని గురించి మాట్లాడేవారు తక్కువ. కొమ్మ కొసన ఉన్న మొగ్గ ఆక్సిన్ అనే పదార్థాన్ని తయారుచేసి కిందికి పంపుతూ ఉంటుంది, అది దిగుతున్నంత కాలం కింద నిద్రపోతున్న మొగ్గలు లేవవు. బెరడు ఉంగరం తీయగానే ఆ దారి తెగుతుంది. పైన చెట్టు ఇంకా పచ్చగా నిలిచి ఉండగానే, ఉంగరానికి కింద కాండం మీద చిగుళ్లు పొటమరించడం మొదలవుతుంది. ఆరేడు వారాలకు, శ్రావణం వచ్చేసరికి, పైన నాచులో తెల్లని వేళ్లు కనిపిస్తాయి, కింద కొన్ని ఆకులు విచ్చుకుని ఉంటాయి. అప్పుడు రంపం పట్టి కోస్తే మిగిలేది మోడు కాదు, ఆకులున్న చెట్టు. బెంజమినా వదిలేసుకుంటుందన్న భయం చాలావరకు పోతుంది. కింద చిగుళ్లు రాలేదంటే ఈ ఏడాది ఆకుల్లేని మోడుగా కోయకూడదని చెట్టు చెబుతున్నట్టే. అప్పుడు ఉంగరాన్ని పట్టించుకోకుండా పై అంటును తీసేసే తొందర నేను పడను. ఉంగరానికి కొంచెం కింద ఆకులున్న కొమ్మ ఏదైనా ఉంటే ఆ కొమ్మకు పైగా మాత్రమే కోసి, మిగతా పొడవును మరుసటి ఏటికి వదులుతాను.

కార్తెల లెక్క ఊరికే చెప్పలేదు. రోహిణి ఎండల్లో కోస్తే, అంతవరకు ఆకుల నీడలో ఉన్న బెరడు ఒక్కసారిగా ఎండకు మాడి పగులుతుంది. చలికాలంలో ఫైకస్ ఎదుగుదల మందగిస్తుంది, ధనుర్మాసంలో కోసిన మోడు వేసవి దాకా ఏమీ చేయలేక కూర్చుంటుంది, ఆ లోపు తేమ దాన్ని కుళ్లబెడుతుంది. మృగశిర నుంచి ఆశ్లేష దాకా గాలిలో తేమ, వెచ్చదనం రెండూ ఉంటాయి.

కోసేటప్పుడు పాలు ధారగా కారతాయి. నీళ్లు చల్లితే త్వరగా ఆగుతాయి. చర్మానికి తగిలితే కొందరికి దురద, దద్దుర్లు వస్తాయి, కంట్లో పడకుండా మరీ జాగ్రత్తగా ఉండాలి. గాయం పెద్దదైతే కొబ్బరి రైతులు కాండానికి పూసే బోర్డో పేస్టు చాలు. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీరు అన్న పాళ్లలో మన గాయానికి కావలసినంత కొద్దిగా కలుపుకుంటే సరిపోతుంది. ఇక నీళ్లు. ఆకులు లేని చెట్టు నీరు తాగదు. ఆకుల నుంచి ఆవిరైపోవడమంటూ లేనప్పుడు పోసిన నీరు పోసినట్టే కుండీలో నిలుస్తుంది. వేలు మట్టిలోకి దించి, లోపల ఆరిందని తెలిశాకే పోయాలి. ఎరువు అయితే చిగుళ్లు ముదిరే దాకా అసలు వద్దు. కోత వల్ల చచ్చాయనుకునే చెట్లలో ఎక్కువ భాగం కోత తరువాత ప్రేమతో పోసిన నీళ్ల వల్ల చచ్చినవే.

దేని కోసం?

పద్ధతి గురించి ఎంత చెప్పినా, ఇలా చేయడం తగునా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. అమలాపురం దగ్గర ఉండే మా మేనత్తకు ఈ పని మొదటి నుంచీ నచ్చదు. "పచ్చటి చెట్టు తల తీస్తే ఉసురు తగులుతుందిరా" అంటుంది. దానికి తోడు పాలు కారే చెట్టు ఇంట్లో ఉండకూడదనీ, బోన్సాయ్ ఉన్న ఇంట్లో ఎదుగుదల ఆగిపోతుందనీ ఆమె నమ్మకం. మర్రి, రావి వంటివి ఇంటి పక్కన ఉంటే వేళ్లు పునాదుల్లోకి పోతాయి కనుక మొదటి మాటలో పెద్దల అనుభవం ఉంది, కుండీలో ఆ ప్రమాదం లేదు. రెండో మాట చెట్టు సంగతి తెలియక వచ్చింది. బోన్సాయ్ ఎదగడం ఆపేసిన చెట్టు కాదు, ఏటా కొత్త వేరు, కొత్త ఆకు, కొత్త చెక్క వేస్తేనే అది బతుకుతుంది. మన తెలుగువారు ఎందరో వెళ్లే మైసూరు దత్త పీఠంలో పెద్ద బోన్సాయ్ వనమే ఉందని ఆమెకు చెప్పాను. ఆ మాటకు కొంచెం మెత్తబడింది.

ఉసురు గురించి మాత్రం మా మధ్య వాదన పెద్దదే జరిగింది. నువ్వు ఏటా మల్లె పొదకు ఆకు దూసి మోడు చేయవా, కాపు అయిపోయాక మునగ చెట్టును నడుముకు నరికించవా అని అడిగాను. ఆమె తడుముకోకుండా చెప్పిన జవాబు నన్ను చాలా కాలం ఆలోచింపజేసింది. "మల్లెను పూల కోసం కోస్తాను, మునగను కాయల కోసం కోస్తాను. నువ్వు దీన్ని దేని కోసం కోస్తున్నావు?"

అందం కోసం అంటే సరిపోదు. అందం కోసం ఒక ప్రాణిని ఇబ్బంది పెట్టవచ్చా అన్నదే ఆమె ప్రశ్న. నాకు తోచిన జవాబు ఇది. ఈ బెంజమినా అడవిలోంచి తెచ్చింది కాదు. నర్సరీ కవరులో కొమ్మతో పుట్టి, హాలు మూలకు చేరి, పైకప్పు తగిలి వంగిపోయే దాకా పెరిగి, ఇంక చోటు లేక మెట్ల కిందకో చెత్తబండిలోకో పోయే దారిలో ఉన్న చెట్టు అది. దాని ముందు ఉన్నవి రెండే దారులు, కోతతో ఇంకెన్నో ఏళ్ల బతుకు, లేదా ఎవరికీ పట్టని చావు. నేలలో పెట్టే చోటు ఉన్నవారు నేలలో పెట్టడమే ఉత్తమమని నేనూ ఒప్పుకుంటాను. పెరడు లేని ఇళ్లు మా ఊళ్లో ఏటా పెరుగుతున్నాయి. ఆ ఇళ్లలో పిల్లలు చెట్టు మొదలు ఎలా లావెక్కుతుందో, గాయం ఎలా పూడుతుందో, ఊడ ఎలా దిగుతుందో కళ్లతో చూడాలంటే ఇంకో మార్గం నాకు తెలియదు. మా మేనత్త దీనికి పూర్తిగా ఒప్పుకోలేదు. గాలి అంటు నుంచి వచ్చిన పై భాగాన్ని మాత్రం అడిగి తీసుకుని తన కొబ్బరి తోట గట్టున నాటించుకుంది.

ఆమె ప్రశ్నలో నిజమైన బరువు నాకు కోత దగ్గర కనిపించదు, పళ్లెం దగ్గర కనిపిస్తుంది. కోసి, చిగుళ్లు వచ్చిన వెంటనే ఆ చెట్టును తీసి లోతులేని బోన్సాయ్ పళ్లెంలో పెట్టేయాలని అందరికీ ఆత్రంగా ఉంటుంది. మన వేసవిలో అంత తక్కువ మట్టి ఒక్క పూటలో ఆరిపోతుంది. పొద్దునా సాయంత్రం నీళ్లు పోసే మనిషి తప్పకుండా ఉండాలి. పిల్లల దగ్గరకు హైదరాబాదో బెంగళూరో వెళ్లి నెలల తరబడి ఇల్లు తాళం వేసుకునే కుటుంబాలు మన దగ్గర ఎన్నో ఉన్నాయి, పక్కింటివారి మీద ఆ భారం పెట్టడం చెట్టుకూ వారికీ కూడా అన్యాయమే. పైగా పళ్లెంలో కాండం లావెక్కదు. కోసిన తరువాత వచ్చిన చిగుళ్లలో నిటారుగా ఉన్న ఒకదాన్ని కొత్త తలగా ఎంచుకుని, అది కింది కాండంలో సగం లావు అయ్యే దాకా ఎదగనిచ్చి, మళ్లీ దాన్ని కోయాలి, ఆ తరువాత ఇంకోసారి. ఇదంతా లోతైన కుండీలో జరగవలసిన పని, ఏళ్లు పడుతుంది. కాండం లావుకు ఆరింతల ఎత్తు ఉంటే చూపుకు నిండుగా ఉంటుందని బోన్సాయ్ పెంచేవారు చెప్పే లెక్క. ఆ పొంతన కుదిరే దాకా పళ్లెం కొనవలసిన అవసరమే లేదు. అప్పటికీ రెండు పూటలా నీళ్లు పోసే వీలు లేనివారు దాన్ని ఆ లోతైన కుండీలోనే ఉంచుకోవచ్చు, కొమ్మలు దిద్దుకుంటూ పోతే చెట్టుకు ఏ లోటూ రాదు.